విశాఖ తీరమున వేషము మారిన విధము

మన గ్రంథాలయము స్థాపింపబడి ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున రజతోత్సవ సంచికకు ఒక చారిత్రక వ్యాసమును వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, సాయంకాలము లాంతరు వెలుగున మా తాతగారి పెట్టెలోని ప్రబంధములను కూడబలుకుకొని చదువుకొన్నవాడను. కావున ఇందలి దోషములను చదువరులు మన్నింతురుగాక.

వ్యాసమునకు ఈ విషయమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. ఉత్సవపు ఏర్పాట్లకై జరిగిన మొదటి సమావేశమున మన పెద్దలలో ఒకరు ఒక తీర్మానమును ప్రతిపాదించిరి. ఉత్సవమునకు వచ్చు యువకులు పంచెలతోను, యువతులు చీరలతోను రావలెననియు, చిరుగుల జీన్సు తొడిగినవారిని పఠనమందిరములోనికి రానీయరాదనియు దాని సారాంశము. దానిని బలపరచినవాడను నేనే. ఆ రాత్రి ఇంటికి పోయి, "సంప్రదాయ వస్త్రము" అనగా నేమో నిర్ణయించి వ్రాయుదమని కాగితము ముందు పెట్టుకొని కూర్చుంటిని. తెల్లవారుజామువరకు నిర్ణయింపలేకపోయితిని. ఆ అన్వేషణమే ఈ వ్యాసము.

వేషము మార్పు మన కాలమున పుట్టిన తెగులు కాదు. పదునైదవ శతాబ్దిలో శ్రీనాథ మహాకవి విజయనగరమున ప్రౌఢదేవరాయల ఆస్థానమునకు పోయినప్పుడు అచ్చటి మర్యాదకు లోబడి టోపీ పెట్టుకొని, పెద్ద కుట్టుచొక్కాయ తొడుగుకొనవలసి వచ్చినదని వాపోయినట్లు ఆయన పేర చెప్పబడు చాటుపద్యమొకటి తెలుగువారందరికిని తెలిసినదే. కవిసార్వభౌమునికే ఆ దుస్తులు క్రొత్తగాను ఇరుకుగాను తోచినవి. ఆ కాలమున వేషము రాజసభనుండి పుట్టి ప్రజలలోనికి దిగెడిది. ప్రభువు తొడిగినది మంత్రియు, మంత్రి తొడిగినది దండనాయకుడును తొడిగెడివారు. తక్కినవారికి ఆ పోలిక తగదని కట్టడి యుండెడిది.

మన తీరమునకు వేరొక కీర్తి కలదు. పదునేడవ శతాబ్దిలోనే భీమునిపట్టణమున డచ్చివారును, విశాఖపట్టణమున ఆంగ్లేయులును వర్తకస్థానములు నెలకొల్పిరి. వారిని ఇచ్చటికి రప్పించినవానిలో ముఖ్యమైనది మన సాలెవారి మగ్గముపై దిగిన బట్ట. భీమిలి సముద్రపుటొడ్డున నేటికిని నిలిచియున్న డచ్చివారి సమాధులు ఆ బేరమునకు సాక్షులు. కోరమాండలు తీరపు అద్దకపు బట్టలపై ఐరోపా స్త్రీలు ఎంతటి మోజుపడిరనగా, తమ జీవనము పోవుచున్నదని లండను నేతపనివారు 1719లో ఆ బట్టలు కట్టిన స్త్రీలపై వీధులలోనే దౌర్జన్యము చేసి చీరివేసిరి. 1721లో అచ్చటి పార్లమెంటు అద్దకపు నూలుబట్టలను ధరింపరాదని చట్టమునే చేసినది. అనగా మన సాలెవాడు నేసిన గుడ్డయే ఒకప్పుడు అన్యదేశమున "చెడ్డ ఫ్యాషను" అనిపించుకొన్నది! ఆ చట్టము 1774వరకు అమలులోనుండెను. ఆంగ్లవనితలకు ఆ బట్టలపై ప్రీతిమాత్రము చట్టముచేత చావలేదు. రష్యా ప్రభువైన పీటరు చక్రవర్తి 1698లో గడ్డములపై పన్ను వేసినాడని చదివినప్పుడు లెక్కలు వ్రాయువాడనగుటచే నాకు నవ్వు వచ్చినది. వేషమును శాసించదలచిన ప్రభువుల కథలన్నియు ఇట్టివే.

ఇక మన గ్రామముల సంగతి. తాతల కాలపు వేషమును తలచుకొని మనము నిట్టూర్చుదుము. తెల్లని పంచెచాపు, భుజముపై ఉత్తరీయము, తలపాగ: చూడ ముచ్చటయైనదే. కాని ఆ ముచ్చట అందరిదియు కాదు. ఎవరి పంచె పిక్కలవరకు జారవచ్చునో, ఎవరిది మోకాలిపైననే నిలువవలెనో, ఎవరు చెప్పులతో వీధిలో నడువవచ్చునో, ఎవరు వానిని చేతబట్టుకొని పోవలెనో, ఎవరు పెద్దలు కనబడగనే తలగుడ్డను తీసి చంకన పెట్టవలెనో కులమును బట్టి నిర్ణయమై యుండెడిది. గుడ్డను చూచి మనిషి అంతస్తును కొలిచెడి రోజులవి. తిరువాన్కూరు సంస్థానమున కొన్ని కులముల స్త్రీలు పైవస్త్రమును కప్పుకొను హక్కునకై యేండ్ల తరబడి పోరాడవలసి వచ్చినది. 1859లో ప్రభుత్వము అనుమతించియు, పై కులములవారివలె మాత్రము కట్టరాదని ఆంక్ష పెట్టెను. వేషమును గూర్చిన చరిత్రను వ్రాయువాడు ఈ పుటలను చించివేసి తక్కినవానిని మాత్రమే చదువరాదు.

ఈ కట్టడిని మొదట కదల్చినవారు చదువుకొన్న యువకులు. పందొమ్మిదవ శతాబ్ది చివర రైలుబండియు, ఆంగ్ల పాఠశాలలును వచ్చినవి. మన జిల్లావాడైన గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడినది. అందలి గిరీశము కొంచెము ఇంగ్లీషుతోను, నోటిలో చుట్టతోను లోకమును జయింపబూనిన యువకుడు. ఆయన వేషభాషలకు వెంకటేశము వంటి కుర్రవాడు ముగ్ధుడగును. యువకుని గురువు ఇంటి పెద్ద కాక, తనకంటె నాలుగేండ్లు పెద్దయైన మరియొక యువకుడగుట అప్పుడే ఆరంభమైనది. అదే నేటివరకును ఫ్యాషనునకు మూలసూత్రము. పిలకలు పోయి క్రాపులు వచ్చిన కాలమును గూర్చి మా తాతగారు చెప్పెడివారు. క్రాపు వేయించుకొని వచ్చిన కుమారునికి కొన్ని ఇండ్లలో పంక్తిభోజనము లేకపోయెనట. ఆ క్రాపే నేడు "మర్యాదయైన జుట్టు" అని మనము కుర్రవాండ్రకు బోధించుచున్నాము!

1907లో బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమున సంచరించుచు విశాఖపట్టణమునకును వచ్చి స్వదేశీ వ్రతమును బోధించిరి. రాజమహేంద్రవరపు విద్యార్థులు వందేమాతర చిహ్నములను ధరించి కళాశాలకు పోయి శిక్షలు పొందిరి. చొక్కాకు గుచ్చిన చిన్న చిహ్నము ప్రభుత్వమును భయపెట్టగలిగినది. పిమ్మట గాంధీమహాత్ముడు 1921లో మధురలో కొల్లాయి గుడ్డ కట్టెను. మన పెద్దలందరు ఆ రూపమునే ఎరుగుదురు. కాని ఆ మహాత్ముడే 1888లో పందొమ్మిదేండ్ల ప్రాయమున లండనునకు పోయినప్పుడు బాండ్ వీధిలో పది పౌనులు పోసి దొరల దుస్తులు కుట్టించుకొన్నట్లును, పొడుగు టోపీ కొన్నట్లును, అన్నగారికి వ్రాసి బంగారు గడియారపు గొలుసు తెప్పించుకొన్నట్లును తన ఆత్మకథలో దాచక చెప్పినాడు. పందొమ్మిదేండ్లవాని వేషమును చూచి వాని జీవితమునకు తీర్పు చెప్పదలచిన తండ్రులు ఆ పుటను ఒకమారు చదువవలెను.

ఖద్దరు కూడ ఆ కాలమున యువకుల వేషమే. శ్రీకాకుళము జిల్లా పొందూరులో వాలుగచేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, నూరవ నంబరు సన్ననూలు చేతితో వడకెడి విద్య గాంధీగారినే అబ్బురపరచినది. 1930లో విశాఖ సముద్రపుటొడ్డున తెన్నేటి విశ్వనాథముగారు మొదలగువారు ఉప్పు వండినప్పుడు వారి ఒంటిపైనున్నది ఆ ఖద్దరే. సన్న మల్లుపంచెను వదలి ముతక ఖద్దరు కట్టిన కుమారుని చూచి కంటనీరు పెట్టిన తల్లులు ఎందరో యుండిరి. నేడు పెండ్లిపీటలపై మర్యాదకు కట్టునది ఒకనాటి తిరుగుబాటు వేషము.

ఇంతవరకు జరిగినది చదువుకొన్నవారి కథ. విశాఖ వేషమును సమూలముగ మార్చినది ఓడరేవు. 1933 అక్టోబరు 7వ తేదీన "జలదుర్గ" అను ఓడ క్రొత్త రేవులో ప్రవేశించెను. డిసెంబరు 19న విల్లింగ్డన్ ప్రభువు రేవును ప్రారంభించెను. అంతకు మునుపే మన తీరమునుండి వేలకొలది కూలీలు స్టీమరులెక్కి రంగమునకు, అనగా రంగూనునకు, పోయి అచ్చటి రేవులో మూటలు మోసిరి. 1930లో అచ్చటి అల్లరులలో మన తెలుగు కూలీలు ఎందరో ప్రాణములు కోల్పోయిరి. 1942లో యుద్ధభయమున వేలమంది తిరిగి వచ్చిరి. మరికొందరు 1964 ప్రాంతమున వచ్చిరి. కంచరపాలెమున "బర్మా క్యాంపు" అను పేరు ఆ చరిత్రకు గుర్తు. వారు తెచ్చుకొన్న గళ్ళ లుంగీయే మన ఊళ్ళలో ఇంటిగుడ్డయైనదని మా పెద్దలు చెప్పెడివారు. దానిని "సంప్రదాయము"లో చేర్తుమా, "విదేశీ వేషము"లో చేర్తుమా?

1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న నెహ్రూగారు "జలఉష" ఓడను నీటిలోనికి దింపిరి. ఆ ఏటనే వచ్చిన ఫ్యాక్టరీల చట్టము, తిరుగుచున్న యంత్రముల దగ్గర పనిచేయు కార్మికుడు ఒంటికి అంటియున్న దుస్తులనే ధరింపవలెననియు, వానిని యజమానియే ఈయవలెననియు విధించినది. కారణము స్పష్టము. జారుపంచె చెంగు చక్రములో పడినచో మనిషియే చక్రములో పడును. పంచెను ఓడించినది దొరల మోజు మాత్రమే కాదు. యంత్రపు పండ్లచక్రము కూడ. నిక్కరు, పంట్లాము, ఖాకీచొక్కా మన పల్లెలకు రేవు పనివాని వెంట నడచి వచ్చినవి. జీతపు రోజున వరుసలో నిలిచినవారి పంట్లాములను చూచి ఎవరిది ఏ కులమో చెప్పుట కష్టమయ్యెను. పంట్లామునకు కులము లేదు.

ఇచ్చట నేను నా కంట చూచినదొకటి చెప్పవలెను. నాకు ఎనిమిదేండ్లప్పుడు, అనగా 1970వ దశాబ్ది చివర, సంక్రాంతి పండుగనాడు మా తాతగారు అరుగుపై కూర్చుండి యుండిరి. హరిజనవాడకు చెందిన ఒక యువకుడు రేవులో పనికి కుదిరి, క్రొత్త బెల్‌బాటమ్ పంట్లాముతో, కాళ్ళకు బూట్లతో మా వీధిలో నడచి వచ్చుచుండెను. తాతగారు పిలిచి, "ఏరా, పోర్టులో పని దొరకగానే ఊరి మర్యాద మరిచిపోయావా? బూట్లు తీసి నడు" అనిరి. అతడు నిలిచి, నమస్కరించి, "బాబూ, ఈ బూట్లు నా జీతం డబ్బులతో కొనుక్కున్నాను. ఎవరికీ బాకీ లేదు. తీసేస్తే మళ్ళీ ఎప్పుడు తొడుక్కోమంటారు?" అని అడిగెను. వీధి అంతయు నిశ్శబ్దమయ్యెను. తాతగారు బదులు చెప్పలేదు. అతడు బూట్లతోనే నడచిపోయెను. ఆ దినము నాకు కలిగినది తాతగారిపై జాలి. ఆ యువకునిపై కోపము. ఈ రెండు భావములును తారుమారగుటకు నాకు చాల యేండ్లు పట్టినవి. బాకీ పద్దు లేనివానిని నిలదీయుటకు ఏ కరణమునకును అధికారము లేదను సంగతి, లెక్కలు వ్రాయు కుటుంబమున పుట్టియు నేను ఆలస్యముగ గ్రహించితిని. 1984లో కరణీకములే రద్దయినవి. అది వేరు కథ.

బెల్‌బాటమ్ మాట వచ్చినది గనుక దాని పుట్టుక చెప్పెదను. అది నావికుల పంట్లాము. ఓడ పైతట్టును కడుగునప్పుడు మోకాలివరకు మడచుకొనుటకు వీలుగా అంచులు వెడల్పుగ కుట్టెడివారు. 1960 దాటిన పిదప పాశ్చాత్య యువకులు సైన్యపు మిగులు సరకును చవుకగా కొని దానినొక ఫ్యాషనుగ మార్చిరి. మన యువకులు దానిని వెండితెరపై చూచి మోజుపడిరి. విశాఖవారికి దాని అసలు యజమానులును ఎదుటనే యుండిరి. 1968లో తూర్పు నౌకాదళ కమాండు ఇచ్చటనే నెలకొన్నది గదా. జీన్సు కథయు ఇట్టిదే. 1873లో అమెరికాలో లెవీ స్ట్రాస్, జాకబ్ డేవిస్ అనువారు కూలీల పంట్లాముల జేబులు చిరుగకుండ రాగి చీలలు కొట్టి హక్కుపత్రము పొందిరి. 1950 దాటిన పిదప సినీతారలను చూచి అచ్చటి కుర్రవాండ్రు దానిని తొడుగగా, కొన్ని పాఠశాలలు దానిని నిషేధించినవి. అటువంటి ముతకగుడ్డకే ఆంగ్లేయులు పెట్టుకొన్న "డంగరీ" అను పేరు మన బొంబాయిలోని డోంగ్రీనుండి పుట్టినది. కావున జీన్సు దొరల వేషమని నిందించువారు పొరబడుచున్నారు. అది కూలివాని వేషము. లుంగీ రేవుకూలీది, ఖాకీ కార్మికునిది, బెల్‌బాటమ్ నావికునిది. శ్రీనాథుని కాలమున వేషము సభనుండి క్రిందికి దిగినది. మన తీరమున పనివాని ఒంటినుండి పైకి ఎక్కినది. ఈ రేవునగరపు చరిత్రలో నేను కనుగొన్న ముఖ్యవిషయము ఇదియే.

విశ్వవిద్యాలయము మరియొక కారణము. 1926లో స్థాపితమై 1930లో వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 నుండి 1936 వరకు ఉపాధ్యక్షులుగనుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తెల్ల తలపాగ, పొడుగుకోటు, పంచెలతోనే విశ్వవిఖ్యాతులైరి. ఆయన శిష్యుల శిష్యులు గొట్టపు పంట్లాములు తొడిగిరి. ఆ గొట్టపు పంట్లాముల తరమే 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని వీధులకెక్కినది. ఆ ఉద్యమమునకు ముందు నిలిచినవారిలో ఖద్దరు పంచెతో తెన్నేటి విశ్వనాథముగారు, వెనుక పంట్లాములతో విద్యార్థులు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగినవి. రాష్ట్రమంతట ముప్పదిరెండుగురు ప్రాణములిచ్చిరి. తుపాకి గుండు పంచెను, పంట్లామును వేరుగ చూడలేదు. "జులపాలవాండ్రు" అని మనము తిట్టిన తరము మనకు ఉక్కు కర్మాగారమును సంపాదించి పెట్టినది.

1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారమును 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు జాతికి అంకితము చేసిరి. ఉక్కునగరమునకు పలు రాష్ట్రముల కుటుంబములు వచ్చినవి. ఉత్తరాదివారి సల్వారు కమీజు "పంజాబీ డ్రెస్సు" అను పేర మన ఆడపిల్లల వేషమైనది. పరికిణీ వోణీ పండుగలకు మిగిలినది. దీనికి సినిమా మాత్రమే కారణమనుట తొందరపాటు. బస్సు మెట్టెక్కవలసిన పిల్ల, మోపెడు నడుపవలసిన పిల్ల, ప్రయోగశాలలో నిప్పు దగ్గర నిలువవలసిన పిల్ల ఒక చేత చెంగు పట్టుకొని ఎంతకాలము నడువగలదు? పిల్ల గడప దాటినది. గుడ్డ ఆమెతోకూడ దాటినది.

చీర మాత్రము సనాతనమే గదా అందురు. చీర సనాతనమే. కాని నేడు మనము చూచు కుచ్చెళ్ళ కట్టు, లోపావడ, కుట్టిన జాకెట్టు కలిసిన రూపము అంత ప్రాతది కాదు. రవీంద్రనాథ టాగూరుగారి వదినెయైన జ్ఞానదానందినీదేవి 1860 తరువాత బొంబాయిలో పారసీ స్త్రీల కట్టును చూచి, జాకెట్టు, లోపావడలతో జోడించి వంగదేశమున ప్రచారము చేసినది. అది బయటికి పోయి నలుగురిలో కూర్చుండవలసిన క్రొత్త స్త్రీ కొరకు పుట్టిన క్రొత్త ఫ్యాషను. నా చిన్నతనమున మన ఊరి వృద్ధురాండ్రలో రవిక తొడుగనివారు నుండిరి. వారి దృష్టిలో రవికయే పట్నపు పోకడ.

అట్లని క్రొత్తదంతయు మంచిదని నేను చెప్పుట లేదు. లెక్కలవాడను గనుక నష్టపుపద్దును కూడ చూపవలెను. మా ఇంటి ప్రాత చిట్టాలలో మొదట సాలెవాని పేరే యుండెడిది. 1950 దాటిన పిదప దాని ప్రక్కన దర్జీవాని పేరు చేరినది. టెరిలీను, నైలెక్సు వచ్చిన పిమ్మట సాలెవాని పేరు లేదు. ఇస్త్రీ అక్కరలేని, త్వరగా ఆరెడి, ఏండ్ల తరబడి చిరుగని ఆ గుడ్డ బీదవానికి మేలే చేసినది. కాని మన మండువేసవిలో ఒంటికి ఊపిరాడనీయదు. తయారు దుస్తులు వచ్చిన పిదప దర్జీవాని పేరును లేదు. మన ఊరి దర్జీ నేడు చిరుగులు కుట్టి బ్రతుకుచున్నాడు. కొని తెచ్చిన చిరుగులను మాత్రము కుట్టనీయరు. ఒంటిపై గుడ్డ కంటె దానిపై ముద్రకు ఎక్కువ వెల యిచ్చి, నెలవారీ వాయిదాలతో తండ్రిని అప్పులపాలు చేయు కుర్రవానిని నేను మెచ్చను. వాని వేషమును కాదు, వాని లెక్కను ఖండించెదను. పట్టుచీరకై అప్పుచేయు పెద్దవారికిని ఇదే మాట. పొందూరు సన్ననూలు వడికెడి వృద్ధురాలి చేతివిద్య తరువాతి తరమునకు అందకున్నచో, ఆ నష్టము ఏ చిట్టాలోను పూడదు.

కావున రెండవ సమావేశమున నేను లేచి, నేను బలపరచిన తీర్మానమును నేనే ఉపసంహరింపుమని కోరితిని. కొందరు నవ్విరి, కొందరు కోపించిరి. అప్పుడు వెనుక వరుసనుండి ఒక వృద్ధుడు లేచెను. ఒకనాడు బూట్లతో మా వీధిలో నడచినది ఈయనయే. రేవులో విరమణ పొంది, మన గ్రంథాలయమునకు తొలి యినుప బీరువాను తన డబ్బుతో కొనియిచ్చినదియు ఈయనయే. ఆయన ఒక్కమాట మాత్రమే అనెను: "కరణంగారూ, లోపలికి వచ్చేవాళ్ళ కాళ్ళకేసి చూడకండి. చేతిలో ఏ పుస్తకముందో చూడండి."

తీర్మానము వీగిపోయినది. దాని స్థానమున, ఉత్సవమునాడు వేదికపై కప్పు శాలువలన్నియు మన జిల్లాల చేనేతవారివే కావలెనని మరియొకటి ఏకగ్రీవముగ నెగ్గినది. దానిని ప్రతిపాదించినది చిరుగుల జీన్సు తొడిగిన ఒక కళాశాల విద్యార్థిని.

చదువరులారా! మన గ్రంథాలయపు స్వర్ణోత్సవమునాటికి నేను ఉందునో లేదో. అప్పటి పిల్లలు ఏ వేషమున వత్తురో ఊహింపజాలను. నేటి జీన్సే ఆనాటికి "మన తాతల మర్యాదయైన దుస్తు" కావచ్చును. వారు ఏ వేషమున వచ్చినను ఈ గడప తెరచియుండుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.